కొండ చుంచు పుర్రె

ఆదివారం పొద్దున్న కోడలు వేసుకున్న పథకం చిన్నదే. పరిశోధన గైడుగారు వచ్చేలోపు భోజనాల బల్ల మీద చుంచెలుకల పుర్రెలన్నీ కొలిచేయాలి. కొండ మీది చుంచుకి మూతి పొడుగు, ఊళ్ళో చుంచుకి పొట్టి అన్నది ఆమె సిద్ధాంతం. అది నిలిస్తే డాక్టరేటు, లేకపోతే మళ్ళీ కొండెక్కాలి.

"అన్నం తినే చోట ఎలుకల తలకాయలేమిటే? నేను కాపురానికొచ్చాక ఈ ఇంట్లో ఒక్క ఎలుక అడుగుపెట్టలేదు తెలుసా," అంది అత్తగారు ఊలు అల్లుకుంటూ. ఈ సంగతి వీధి వీధంతటికీ కంఠతా వచ్చు.

ఉక్కగా ఉందని కొడుకు బల్ల పక్కన ఫ్యాను పెట్టాడు. కొండ వరసలోంచి వేరుశనగకాయంత పుర్రె ఒకటి ఎగిరిపోయింది. పెళ్ళాం చూసిన చూపుకి అతను నేలమీద బోర్లా పడుకుని ఇల్లంతా జల్లెడ పట్టాడు. చివరికి వంటింట్లో ఫ్రిజ్ కింద చెయ్యి దూర్చి పుర్రెని సాధించాడు. అది మసి కొట్టుకుని ఉంటే, పాత టూత్‌బ్రష్‌తో తళతళా తోమి కొండ వరసలో ఖాళీ అయిన గడిలో పెట్టాడు.

"పోగొట్టిందీ నేనే, పట్టుకొచ్చిందీ నేనే," అన్నాడు గొప్పగా.

గైడుగారు వచ్చి ఒక్కొక్కటే కొలుస్తూ ఆ గడి దగ్గర ఆగిపోయారు.

"కొండ చుంచుకి ఇంత పొట్టి మూతేమిటమ్మా?"

కోడలు మళ్ళీ కొలిచింది. పొట్టే.

"ఇలా ఒక్కటి ఎదురు తిరిగినా కష్టమే. మళ్ళీ కొండెక్కాలి," అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ఊలు బుట్టలో అత్తగారి వేలికి ఏదో గుచ్చుకుంది. పొడుగు మూతి పుర్రె. కొండది ఇదైతే ఫ్రిజ్ కిందిది ఎక్కడిదో ఆవిడకి చప్పున తట్టింది. గబుక్కున గుప్పిట మూసింది. నోరు విప్పితే ఇన్నేళ్ళ పరువు మంటగలుస్తుంది, విప్పకపోతే పిల్ల చదువు గల్లంతవుతుంది. ఆవిడ ఫ్రిజ్ వంక చూసింది, కోడలి వంక చూసింది.

"ఇదిగోనే నీ కొండది," అంటూ గుప్పిట విప్పింది. "ఆ పొట్టిమూతిది... మన వంటింటిదే."

గైడుగారు రెండూ పక్కపక్కన పెట్టి కొలిచారు. ఆయన ముఖం విప్పారింది.

"ఊరి చుంచుకి పొట్టిమూతే. మీ వంటిల్లే సాక్ష్యం చెప్పిందమ్మా."

కోడలు అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. ఆనందంలో కొడుకు మళ్ళీ ఫ్యాను వేయబోతే ముగ్గురూ కలిసి ఆపారు.

"ఇంకో నాలుగు దొరికితే మరింత బలంగా ఉంటుంది," అన్నారు గైడుగారు ఆశగా.

"ఉన్నది అదొక్కటే. అదీ పోయింది," అంది అత్తగారు ఖండితంగా.

ఫ్రిజ్ వెనకాల నుంచి కిచకిచమని ఎవరో అభ్యంతరం తెలిపారు.