కిరాయి జనరేటర్

మే నెలలో ఒక మంగళవారం పొద్దున, చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని పరశురాములు పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు జాబితా రాస్తున్నాడు. సాయంత్రంలోగా గాలిదుమారం వస్తుందని ఫోన్‌లో హెచ్చరిక వచ్చింది. హాలియా మార్కెట్ యార్డులో ఇరవై ఎనిమిదేళ్లుగా గుమస్తా కాబట్టి, ఏ పనికైనా అంకెలు వేసుకుంటే తప్ప ఆయనకు తృప్తి ఉండదు. ఒకటి, డ్రమ్ముల నిండా నీళ్లు. రెండు, ఇంట్లోని ఫోన్లన్నీ ఫుల్ ఛార్జింగ్. మూడు, కొవ్వొత్తులు. అలా పన్నెండు దాకా పోయి, పదమూడో అంకె పక్కన ‘జనరేటర్’ అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. ఊళ్లో తనంత ముందుచూపున్న మనిషి ఇంకొకడు లేడని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆ మధ్యాహ్నం దాకా చెక్కుచెదరలేదు.

అయితే ఆ రెండు గీతల వెనక నిజమైన భయం ఉంది. తల్లి సైదమ్మకు దమ్ము. దుమ్ము లేస్తే చాలు ఊపిరాడదు. నెబ్యులైజర్ పెడితే గాని తేరుకోదు. దాన్ని ఆమె ‘దమ్ము మిషన్’ అంటుంది. నిరుడు ఎండాకాలం గాలికి స్తంభాలు పడిపోయి రెండు రోజులు కరెంటు రాలేదు. ఆ రెండు రోజులూ ముసలామె మంచం మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఒక్కొక్క ఊపిరినీ లాగింది. పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చున్న పరశురాములు అంతగా ఎప్పుడూ భయపడలేదు. అమ్మను ఇంకోసారి ఆ స్థితిలో చూడకూడదని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు.

“అత్తమ్మను దవాఖానకు తీస్కపోతున్న, బీపీ గోలీలు అయిపోయినయి,” అంది భార్య నాగరాణి, సంచి భుజాన వేసుకుంటూ. “నా ఫోనియ్యి.”

“ఛార్జింగ్‌ల ఉండనియ్యి. రెండో నంబర్.”

“మరి ఏమన్న అవసరం పడితే?”

“ఇంత ప్లాన్ ఉన్నంక అవసరం ఎందుకు పడ్తదే?”

నాగరాణి అత్తను చెయ్యిపట్టి ఆటో ఎక్కించింది.

పరశురాములు టెంట్ హౌస్‌కు ఫోన్ చేశాడు. ఎత్తింది యజమానురాలు స్వర్ణ.

“చెల్లె, జనరేటర్ కావాలె. మా అమ్మ కోసం. జర జల్ది పంపు.”

స్వర్ణ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. “ఫికర్ చెయ్యకన్నా. అన్నీ నేను పంపిస్త. నువ్వేం అడగాల్సిన పని లేదు. అడ్వాన్సు గిట్ల ఏం మనసుల పెట్టుకోకు.”

యార్డు గుమస్తా అంటే ఊళ్లో ఎంత మర్యాదో అనుకుని పరశురాములు పొంగిపోయాడు. తన ఫోన్ కూడా ఛార్జింగ్‌కు పెట్టి, ఇంటికి తాళం వేసి, నాలుగో నంబరైన వైరు కొనడానికి బజారుకు బయలుదేరాడు.

ఆయన జాబితాలోకి ఎక్కని సంగతి ఒకటుంది. మూఢం నడుస్తోంది. పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు. మూఢంలో ఒక ఇంటికి టెంట్ హౌస్ జనరేటర్ పోతోందంటే హాలియాలో చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది, ఆ ఇంట్లో ఎవరో పోయారని. శవాన్ని ఉంచే ఐస్ బాక్స్ మధ్యలో కరెంటు పోయి ఆగకుండా జనరేటర్ తెప్పిస్తారు. అలాంటి వేళ టెంట్ హౌస్ వాళ్లు ఎవరు, ఎట్లా అని ఆరా తీయరు, అడ్వాన్సు అడగరు. అది మర్యాద. స్వర్ణ ఆ మర్యాదంతా పాటించింది. దానికితోడు తొమ్మిదింటికి సైదమ్మను ఆటోలో దవాఖానకు తీసుకుపోవడం గల్లీ అంతా చూసింది. పదిన్నరకు తాళం వేసిన ఇంటి ముందు ట్రాలీ ఆగి జనరేటర్, నలభై కుర్చీలు, షామియానా, గాజు మూత ఉన్న పొడుగాటి డబ్బా దిగాయి. ఇక లెక్క సరిపోయింది. కబురు పక్కనున్న పెద్దవూర దాకా పోయింది. నిజమో కాదో కనుక్కుందామని ఫోన్ చేసినవాళ్లకు తాళం వేసిన ఇంట్లో ఫుల్ ఛార్జింగ్‌తో మోగుతున్న ఫోన్లే దొరికాయి.

పరశురాములు వైరు కొన్నది ఐదు నిమిషాల్లోనే. కాని, విపత్తు రాకముందే మనిషి ఎలా సిద్ధపడాలో దుకాణదారుకు వివరించడానికి గంటన్నర పట్టింది. తిరిగొచ్చేసరికి ఇంటి ముందు షామియానా, కుర్చీల నిండా జనం. తన జనరేటర్ చూడటానికి గల్లీకి గల్లీ కదిలివచ్చిందనుకున్నాడు. ఆ మాట తర్వాత తనే అందరికీ చెప్పుకున్నాడు కాబట్టి ఇందులో దాచేదేమీ లేదు.

సైదమ్మ తమ్ముడు లచ్చయ్య చేతిలో బంతిపూల దండతోనే వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. “ధైర్యం తెచ్చుకో అల్లుడా.”

“నాకేం మామా, ధైర్యంగనే ఉన్న. పొద్దున లేవంగనే లిస్టు రాసి అన్నీ చూసుకున్న.”

లచ్చయ్య కౌగిలి వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. “లిస్టు రాసినవా?”

“పదమూడు నంబర్లు. గీ కుర్చీలు మాత్రం నేను చెప్పలే, స్వర్ణ మర్యాదకు పంపింది. కూల్‌డ్రింకులు పెట్టుకోను గాజు మూత ఫ్రిజ్ గూడ పంపింది, చూసినవా? అమ్మ దవాఖాన నుంచి రానియ్యి, మిషన్ నడిపి చూపిస్త. కూసో మామా.”

ముందు వరుసలో ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. “పాపం, మతి చలించింది,” అని ఒకామె గొణిగింది. పరశురాములు వినిపించుకోలేదు. అప్పటికే జనరేటర్ వెనక వంగి, కొత్త వైరు దేనికి తగిలించాలో వెతుకుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆటో వచ్చి ఆగింది. సైదమ్మ తల బయటపెట్టి చూసింది. తన ఇంటి ముందు షామియానా. ఏడుస్తున్న మనుషులు. పూలదండ పట్టుకుని నిలబడ్డ తమ్ముడు. ఐస్ బాక్స్. ఆ ఇంట్లో ఉండేదే ముగ్గురు. ఇద్దరు ఆటోలో ఉన్నారు. మిగిలింది ఒక్కడే.

“ఓ నా కొడుకో! నన్నిడిసిపెట్టి పోయినవా నా కొడుకో!”

ఆ గొంతు విని కుర్చీల్లోవాళ్లు వెనక్కి తిరిగారు. చనిపోయిన మనిషి ఆటో దిగి గుండెలు బాదుకుంటూ తమ వైపే వస్తోంది. ముందు వరుస కుర్చీలు ఎనిమిది వెల్లకిలా పడ్డాయి. లచ్చయ్య దండను వీపు వెనక దాచుకున్నాడు.

పరశురాములు వైరు చుట్టతో సహా పరుగెత్తాడు. “అమ్మా, నేనీడనే ఉన్ననే! ఏం కాలే! జనరేటర్ తెచ్చిన!”

సైదమ్మ రెండు చేతులతో కొడుకు ముఖం తడిమింది. చెంపలు నొక్కి చూసింది. బతికే ఉన్నాడని రూఢి కాగానే ఫెడీమని ఒక్కటిచ్చింది. ఆ తర్వాత ఊపిరి అందలేదు. గొంతులోంచి ఈల లాంటి చప్పుడు మొదలైంది. నిరుటి చప్పుడే.

నాగరాణి తాళం తీసి, అత్తను వరండాలో మంచం మీద కూర్చోబెట్టి, నెబ్యులైజర్ తెచ్చి ప్లగ్గు పెట్టింది. మిషన్ గుర్రుమంది. అంతలో ఎర్రటి దుమ్ము గోడలా లేచి గల్లీలోకి వచ్చింది. షామియానా ఒక్క ఊపున తాళ్లు తెంపుకుని, పైకి లేచి, కరెంటు తీగల మీద నిండుగా పరుచుకుంది. నీలం మెరుపులు వచ్చాయి. పటపటమని చప్పుడైంది. నెబ్యులైజర్ ఆగిపోయింది.

“ఎవ్వరు ఫికర్ చెయ్యొద్దు!” అని అరిచాడు పరశురాములు. ఏడాదిగా ఎదురుచూసిన ఘడియ ఇదే. నలుగురి సాయంతో జనరేటర్‌ను వరండాలోకి ఈడ్చి, నెబ్యులైజర్ ప్లగ్గు దానికి పెట్టి, తాడు గుంజాడు. ఉలకలేదు. మళ్లీ గుంజాడు. పదోసారి గుంజేటప్పటికి చొక్కా గుండీలు రెండు ఊడాయి.

“పెట్రోల్ పోసినవా?” అంది నాగరాణి.

పరశురాములు జేబులోంచి జాబితా తీశాడు. ఒకటి నుంచి పదమూడు దాకా చదివాడు. తిప్పి అటువైపు కూడా చూశాడు. అటువైపు క్యాలెండరే ఉంది. కిరాయి జనరేటర్ ఖాళీ ట్యాంకుతోనే వస్తుందని ఆయనకు తెలియనిది కాదు. యార్డు ఫంక్షన్లకు పదిసార్లు తెప్పించిన మనిషే.

“బండ్లల్ల ఉన్నది తియ్యుర్రి!” అన్నాడు లచ్చయ్య. ఏడ్వడానికి వచ్చినవాళ్లంతా తలా ఒక చెయ్యి వేశారు. మోటార్‌సైకిళ్లలోంచి పైపుతో నోటితో గుంజి, నీళ్ల సీసాల్లో పట్టి, ట్యాంకులో పోశారు. ఈసారి తాడు గుంజగానే జనరేటర్ గర్జించింది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేలోపే వరండా అంతా నల్లటి పొగ కమ్ముకుంది.

“పొగకు సంపుతవా ఏంది ముసలామెను!” అని నాగరాణి అత్తను మంచంతో సహా ఎత్తించి, ఇంట్లోంచి వెనక పెరటి చూరు కిందికి తీసుకుపోయింది. అక్కడ సన్నగా వాన మొదలైంది. గాలిలో దుమ్ము లేదు. అప్పుడు ఆమెకు తన సంచి గుర్తొచ్చింది. పొద్దున దవాఖానలో డాక్టరు ఇచ్చిన బొటనవేలంత పంపు అందులో ఉంది. రెండుసార్లు నోట్లో కొట్టింది. కాసేపటికి ఈల తగ్గింది. ఇంకాసేపటికి సైదమ్మ మామూలుగా ఊపిరి తీసుకుంటూ, “వాడేడి?” అని అడిగింది.

వాడు వరండాలోనే ఉన్నాడు. పొగ మధ్య వంగి, అమ్మ పక్కనే మంచం మీద ఉందనుకుని, “ఇంకొక్క నిమిషం అమ్మా, చప్పుడు తగ్గిస్తున్న,” అని ఖాళీ జాగాకు ధైర్యం చెబుతున్నాడు. లచ్చయ్య చొక్కా పట్టి పెరట్లోకి ఈడ్చుకొచ్చేటప్పటికి కళ్లు ధారలు కడుతున్నాయి, దగ్గుతో మాట పెగలడం లేదు. సైదమ్మ మంచం దిగి, కొడుకును తన జాగాలో పడుకోబెట్టింది. కొత్త వైరు పొడుగు పెరటి దాకా సరిపోయింది. దమ్ము మిషన్ మాస్కు ఆయన ముక్కుకు తనే పట్టింది.

“పీల్చు బిడ్డా. నిమ్మళంగ పీల్చు. నేనున్న కదా.”

పరశురాములుకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడాదంతా తను భయపడింది ఆమె ఊపిరి గురించి. ఆమె ఊపిరి పోగొట్టుకుంది తన కోసం ఏడ్చి. తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కూడా వదల్లేదు.

వాన వెలిసింది. లైన్‌మన్ పొడుగాటి కట్టె భుజాన వేసుకుని, నీళ్లోడుతున్న షామియానాను ఈడ్చుకుంటూ పెరటి వైపు వచ్చాడు.

పరశురాములు మాస్కు పక్కకు జరిపి, “ఎన్ని రోజులు పట్టేట్టున్నది అన్నా, ఊరికి కరెంట్ రానీకి?” అని అడిగాడు.

“ఊరికి పోనే లేదు,” అన్నాడు లైన్‌మన్. “పోయింది మీ ఒక్క గల్లీకే.”