సువర్ణమ్మగారి మోకాళ్లూ, మాస్టారి మోటారూ

ఎలక్ట్రిక్ బండికి మోటారు ఎంత బలహీనంగా ఉంటే సంసారం అంత సుఖంగా ఉంటుంది! నమ్మరా? నర్సీపట్నం వచ్చి జ్ఞానానందం మాస్టారిని అడగండి. రెండువేల ఎనిమిదిలో ఆ ఊళ్లో దిగిన తొలి ఎలక్ట్రిక్ బండ్లలో ఒకటి ఆయనదే.

ముప్ఫయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఊరికే కొంటారా? భార్య సువర్ణమ్మగారికి మోకాళ్ల నొప్పులు. చర్చి చూస్తే ఎత్తు మీద ఉంది. ఆవిడ సుఖం కోసమే కొన్నానని ఆరాధన అయ్యాక పాస్టరుగారితో సహా అందరికీ చెప్పారు. పెట్రోలు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, చప్పుడు లేదు. ఇంకేం కావాలి?

మోటారు వెనక చక్రం మధ్యలోనే ఉంటుంది. రెండొందల యాభై వాట్లు. చదును రోడ్డు మీద ఇద్దరినీ పెళ్లి ఊరేగింపులా తీసుకెళ్లేది. ఎత్తు మొదలవగానే మూలిగి ఆగిపోయేది. అప్పుడు సువర్ణమ్మగారు దిగేవారు. మాస్టారు రివ్వున పైకెళ్లి, గేటు దగ్గర స్టాండు వేసి వాచీ చూసుకునేవారు. ఆవిడ బైబిలు సంచీ చంకన పెట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ వచ్చేవారు.

"బేగి రా! మొదటి పాట అయిపోతంది," అని ఆయన పైనుంచి కేకేసేవారు.

లాభాలు చూశారా? భార్యకు ఖర్చులేని వ్యాయామం! భర్తకు గేటు దగ్గర నలుగురినీ పలకరించే తీరిక! పైగా, పెళ్లాం కోసం బండి కొన్న మహానుభావుడన్న పేరు. ఏ పెట్రోలు బండి ఇవ్వగలదండీ ఇన్ని సదుపాయాలు?

అయినా మాస్టారి మనసు ఒప్పుకోలేదు. రాత్రిళ్లు ఆవిడ మోకాళ్లకు తైలం రాసుకుంటుంటే ఆయనకు నిజంగానే బాధేసేది. మెకానిక్ దేవుళ్లుని పిలిచి మోటారు మార్చమన్నారు. దేవుళ్లు వైజాగు నుంచి ఇంత లావు మోటారున్న చక్రం తెప్పించి బిగించాడు. ఆ ఆదివారం బండి ఇద్దరినీ ఎత్తు మీదికి లాక్కుపోయింది! సువర్ణమ్మగారు కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నారు.

తిరుగుప్రయాణంలో దిగువకు రాగానే బండి చచ్చింది. ముందురోజంతా కరెంటు కోత, బ్యాటరీలో ఉన్న కాస్తా కొత్త మోటారు తాగేసింది. ఇంటిదాకా మాస్టారు హ్యాండిల్ పట్టుకున్నారు, సువర్ణమ్మగారు వెనకనుంచి తోశారు. ఆ మోకాళ్లతోనే!

"పెద్ద మోటారుకి పెద్ద బేటరీ కావాల మాస్టారూ," అన్నాడు దేవుళ్లు. "బేటరీ పెద్దదైతే బండి బరువెక్కుతాది. అప్పుడు ఇంకా పెద్ద మోటారు కావాల."

ఈ లెక్క ఎక్కడ తెగుతుందో లెక్కల మాస్టారికే అంతుపట్టలేదు. పాత చక్రమే మళ్లీ వేయించేశారు.

మరుసటి ఆదివారం ఎత్తు దగ్గర బండి మామూలుగానే మూలిగింది. సువర్ణమ్మగారు మాత్రం కదల్లేదు.

"మీరు దిగండి," అన్నారు.

"నేనా? నీకు తోలడం వచ్చేటి?"

"అది తిప్పితే ఎల్తాది, ఇది నొక్కితే ఆగుతాది. ఆర్నెల్లుగా ఎనకాల కూకుని సూత్తనే ఉన్నాను. లైసెన్సు అక్కర్లేదని ఊరంతా సెప్పింది మీరే గదా!"

మాస్టారు దిగారు. ఆవిడ ముందుకు జరిగి కూర్చున్నారు. అవే రెండొందల యాభై వాట్లు ఆవిడను కిమ్మనకుండా పైకి చేర్చాయి. ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పినాయనకు తీసివేత తట్టలేదు చూడండి!

ఇక ఆవిడ ఆగలేదు. బుధవారం మాకవరపాలెంలో స్త్రీల కూడిక, శుక్రవారం రోలుగుంటలో అక్క ఎస్తర్ రాణి ఇల్లు. మధ్యాహ్నం మాస్టారే గిన్నెల మీద మూతలు తీసి వడ్డించుకుంటున్నారు. రోడ్డు మీద ఆవిడ నవ్వుతూ ఎదురైతే పక్కకు తప్పుకుంటున్నారు.

నెల తిరక్కుండా ఆయన నడుచుకుంటూ దేవుళ్లు షాపుకొచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు:

"ఒరే దేవుళ్లూ, ఆ మోటారుకి పవర్ కాస్త తగ్గించే ఈలుందేటి?"