గంగవ్వ బొంతకు మిషన్ ఎండ

ఆ రోజు పొద్దున వెంకటయ్య పెట్టుకున్న పని ఒక్కటే. తడి బొంతను ఊరికి అటుపక్కనున్న అడాజన్‌కు తీసుకెళ్లి, కోడలి తమ్ముడు ముత్యం పనిచేసే లాండ్రీలో మిషన్ మీద ఆరబెట్టించి, బువ్వ వేళకల్లా నవాగామ్‌లోని ఇంటికి తెచ్చుకోవడం. పెద్ద పనేం కాదు. కానీ తుఫాను వచ్చి రెండు రోజులుగా సూరత్‌ను తడిపి ముద్ద చేస్తోంది. పైగా అవి కరోనా రెండోసారి ఊరి మీద పడ్డ రోజులు. ఆ రోజుల్లో చిన్న పనులు కూడా చిన్నవిగా ఉండేవి కావు.

బొంత గంగవ్వది. తన పాత చీరలూ కొడుకు చిన్ననాటి అంగీలూ పొరలు పొరలుగా పేర్చి, సిరిసిల్ల దగ్గరి పల్లెలో ఉన్నప్పుడు ఆమె చేత్తో కుట్టుకున్నది. వెంకటయ్యతో పాటు మరమగ్గాల మీద, సాంచెల పనికని సూరత్ వచ్చినప్పుడు నెత్తిన పెట్టుకుని తెచ్చింది. నెల కిందట దవాఖానలో ఆమె పోయింది. అప్పుడు ఇంటిల్లిపాదికీ జ్వరాలే. గుమ్మం దాటే వీలు లేదు. శవాల బండి వాళ్లే తీసుకెళ్లి కాల్చేశారని ఫోన్‌లో కబురు వచ్చింది, అంతే. ముఖం చూసినవాళ్లు లేరు, పాడె మోసినవాళ్లు లేరు. భయానికి గల్లీలో ఎవరూ తలుపు కూడా తీయలేదు. కొడుకు సదానందం గోడకేసి తిరిగి పడుకున్నాడు. కోడలు వినోద నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

అప్పట్నుంచి వెంకటయ్య ఆ బొంతే కప్పుకుని పడుకుంటున్నాడు. గంగవ్వ మోకాళ్లకు రాసుకునే మందు వాసన అందులో ఉంది. రోగమున్న మనిషి కప్పుకున్న బట్ట ఉతకకుండా ఉంచితే ఎట్లా అని వినోదకు భయం. మామకు చెప్పాలంటే అంతకన్నా భయం. చివరికి ఆయన బయటికి వెళ్లినప్పుడు చూసి సోడా వేసి ఉతికేసింది. వెంకటయ్య తిరిగొచ్చి తీగ మీద నీళ్లు కారుతున్న బొంతను చూశాడు. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడే తుఫాను. బొంతను ఇంట్లో తీగ కట్టి ఆరేస్తే ఆరకపోగా ముక్కవాసన మొదలైంది. వినోదకు గుండె తరుక్కుపోయి తమ్ముడికి ఫోన్ చేసింది. వాళ్ల లాండ్రీలో దవాఖానల దుప్పట్లు ఆరబెట్టే పెద్ద డ్రమ్ము మిషన్ ఉంది. పొద్దున్నే తెల్ల వ్యాన్ వస్తుందనీ, అందులోని మనుషులు నెత్తి నుంచి కాళ్లదాకా కిట్లు వేసుకుని ఉంటారు గనుక చూసి భయపడొద్దనీ ముత్యం చెప్పాడు. మిషన్ జాగ్రత్తలు కూడా చెప్పాడు. నూలు బొంత కాబట్టి వేడి తక్కువ పెట్టాలి, లేకపోతే ముడుచుకుపోతుంది. మందు జిడ్డు మిగిలితే వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. కుట్లలో సూదులూ పిన్నీసులూ లేకుండా చూడాలి. డ్రమ్ములో తిరగడానికి చోటుండేలా ఒక్కదాన్నే వేయాలి. సగంలో తీసి దులిపి, తిప్పి వేయాలి. డ్యూటీలో తాను ఉంటానో ఉండనో, మామే అక్కడివాళ్లకు చెప్పుకోవాలన్నాడు. ఇవన్నీ వినోద మామ చేత రెండుసార్లు అనిపించింది.

వ్యాన్ తడవకూడదని బొంతను నిడుపుగా చుట్టి, కార్ఖానా నుంచి తెచ్చిన తెల్ల ప్లాస్టిక్ కాగితంలో పెట్టి, తల దగ్గర, నడుము దగ్గర, కాళ్ల దగ్గర తాడుతో బిగించి కట్టింది. బొంతకు తలా కాళ్లూ ఉండవు గానీ, కట్టాక ఉన్నట్టే కనిపించింది. ఇద్దరూ మోసుకొచ్చి రోడ్డు పక్కన మూసిన దుకాణం అరుగు మీద పెట్టారు. పొయ్యి మీద పాలున్నాయని వినోద లోపలికి వెళ్లింది.

వెంకటయ్య మూట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఒక ఆటో వచ్చి, నెమ్మదించి, మూటను చూసి, వచ్చినదాని కన్నా వేగంగా పోయింది. పాలబండివాడు దిగి దండం పెట్టాడు. ఈ ఊళ్లో మర్యాద పెరిగిందని వెంకటయ్య అనుకున్నాడు. అంతలో తెల్ల వ్యాన్ ఒకటి అటుగా వచ్చి ఆగింది. దాని మీద గుజరాతీలో ఏదో రాసి ఉంది. వెంకటయ్యకు తెలుగే చదవరాదు. లోపలినుంచి కిట్లు వేసుకున్న మనుషులు ఇద్దరు దిగారు. ముత్యం చెప్పింది చెప్పినట్టు ఉంది.

వాళ్లలో పెద్దాయన యాకూబ్‌భాయ్. దిక్కులేని శవాలను ఉచితంగా శ్మశానానికి చేర్చే వ్యాన్ ఆయనది. దగ్గరికొచ్చి మెల్లగా ఎవరని అడిగాడు. సాంచెల మోతలో బతికిన బతుకుకు వెంకటయ్య చెవులు సగం పోయాయి. మనుషుల పెదాలు చూసి మాట పట్టేవాడు. మాస్కులొచ్చాక అదీ పోయింది. ఎవరిదని అడుగుతున్నాడనుకుని, తనకొచ్చిన హిందీలో "ఇంటిదానిది. గంగవ్వ" అన్నాడు. యాకూబ్‌భాయ్‌కి అది "ఇంటిది, గంగవ్వ" అని వినబడింది. ఎన్నాళ్లయిందని అడిగాడు.

"రెండు దినాల సంది ఇంట్లనే ఉన్నది. వాసన గూడ మొదలైంది" అన్నాడు వెంకటయ్య.

యాకూబ్‌భాయ్ ఆయన భుజం పట్టుకున్నాడు. కట్టెలా, మిషనా అని అడిగాడు. సూరత్ శ్మశానంలో కట్టెల చితులూ ఉంటాయి, గ్యాసు మిషన్లూ ఉంటాయి. వెంకటయ్యకు మొదటి మాట అందలేదు గానీ రెండోది అందింది. "మిషనే, మిషనే" అన్నాడు గట్టిగా. ఇద్దరూ మూటను ఎంతో పదిలంగా ఎత్తి వ్యాన్‌లో పడుకోబెట్టారు. రోగానికి పాపం ఎంత తేలికైపోయిందో అని ఒకరితో ఒకరు అనుకున్నారు. లాండ్రీవాళ్లకు ఇంత శ్రద్ధ ఉంటుందని వెంకటయ్య అనుకోలేదు. ఫోన్ నంబరు అడిగితే బిల్లు కోసమేమో అనుకుని కొడుకుది ఇచ్చి, తానూ వ్యాన్ ఎక్కాడు.

ఆ నంబరుకు వెళ్లిన ఫోన్ సంగతి వెంకటయ్యకు తర్వాత తెలిసింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్న సదానందాన్ని వ్యాన్‌వాళ్లు ఫోన్ చేసి లేపి, మీ అమ్మ గంగవ్వను శ్మశానానికి తీసుకెళ్తున్నాం, మీ నాన్న వెంటే ఉన్నాడు, త్వరగా రండి అన్నారు. అంతలోనే లైన్ తెగింది. దవాఖానల్లో శవాలు తారుమారవుతున్నాయని ఆ రోజుల్లో ఊరంతా గుసగుస. అయితే నెల కిందట కాల్చింది ఎవరినో! అమ్మ ఇన్నాళ్లూ ఏ ఐసు గదిలోనో ఉండిపోయిందనీ, తండ్రికి ఎలాగో తెలిసి తానే వెళ్లి తెచ్చాడనీ సదానందం అనుకున్నాడు. అదే సమయానికి అసలు లాండ్రీ వ్యాన్ వచ్చి, బొంత ఏదని అడిగి, అరుగు మీద ఏమీ లేక తిరిగిపోయింది. మామా లేడు, మూటా లేదు. వినోద ఏడుపు విని గల్లీ తలుపులన్నీ తెరుచుకున్నాయి. గంగవ్వ శవం దొరికిందన్న మాట ఒక చివరినుంచి ఇంకో చివరికి పాకింది. గంగవ్వకు వరసకు అక్కయ్యే చిన్నవ్వ అందరికన్నా ముందు ఆటో ఎక్కింది.

ఇటు వ్యాన్ తాపీ నది ఒడ్డున ఎత్తైన పొగగొట్టాలున్న చోట ఆగింది. బట్టలకు రంగులద్దే డయింగ్ మిల్లులకూ ఇలాంటివే ఉంటాయి కాబట్టి వెంకటయ్య ఆశ్చర్యపోలేదు. షెడ్డులో తెల్ల మూటలు వరసగా ఉన్నాయి. దవాఖాన దుప్పట్లు కాబోలు అనుకున్నాడు. ఇనుప తలుపున్న మిషన్ దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. మన జాగ్రత్త మనం చెప్పుకోవాలి కదా అని వెంకటయ్య ఆయన దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"అన్నా, వేడి జర తక్కువ పెట్టు. ఎక్కువైతే ముడుసుకపోతది."

ఆయన మిషన్ తలుపు మీద చెయ్యి ఆపి వెంకటయ్య వైపు తిరిగాడు.

"ఒక్కదాన్నే పెట్టు, వేరేటియి కలపకు. సగమైనంక తీసి జర తిప్పి పెట్టు. మందు రాసిన జాగ ఉన్నది, అక్కడ పైలం."

రెండు నెలలుగా అక్కడ ఆగకుండా పని చేస్తున్న మనిషి అతను. అన్ని రకాల ఏడుపులూ విన్నాడు. ఈ మాటలు మాత్రం ఎప్పుడూ వినలేదు. ముఖం అటు తిప్పుకున్నాడు. ఎంతసేపు పడుతుందని వెంకటయ్య అడిగితే, సాయంత్రం రమ్మన్నట్టు చేత్తో చూపించాడు.

"బువ్వ యాళ్లకు ఇంటికి తీస్కపోదామనుకున్న" అన్నాడు వెంకటయ్య, కాస్త నిరుత్సాహంగా.

యాకూబ్‌భాయ్ ఇక తట్టుకోలేకపోయాడు. ముసలాయనకు మతి చలించింది, భార్య పోయిందని మనసుకు ఎక్కలేదు, ముఖం ఒకసారి చూస్తే తప్ప నమ్మడు అనుకున్నాడు. మూట విప్పకూడదని రూలుంది. అయినా అటూ ఇటూ చూసి, తల దగ్గరి తాడు విప్పాడు. ప్లాస్టిక్ తొలగిస్తే ఎర్ర చీర అంచు కనిపించింది. దాన్ని తొలగిస్తే పచ్చ చీర. దాని కింద చిన్నపిల్లాడి అంగీ జేబు. భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాడు. లోపల మనిషి లేదు.

కాకా, మనిషేదని అడిగాడు. ఏ మనిషని వెంకటయ్య అడిగాడు. అప్పుడు యాకూబ్‌భాయ్ మాస్కు కిందికి లాగి, ఇది శ్మశానమని ఒక్కో అక్షరం పలికాడు. వెంకటయ్యకు చాన్నాళ్ల తర్వాత ఒక బయటి మనిషి పెదాలు కనిపించాయి. చూసి అర్థం చేసుకున్నాడు. వరసగా ఉన్న తెల్ల మూటలవైపు ఒకసారి చూశాడు. వెళ్లి బొంత పక్కనే నేల మీద కూర్చున్నాడు.

గంగవ్వ పోయిన దవాఖాన పేరు చెప్పి, అక్కడ పోయినవాళ్లను ఎక్కడికి తెచ్చేవారని అడిగాడు. ఎక్కువగా ఇక్కడికేనన్నాడు యాకూబ్‌భాయ్.

"గంగవ్వ అని... నువ్వే తెచ్చినవా?"

"తెచ్చే ఉంటాను కాకా. ఆ రోజుల్లో పేర్లు గుర్తుపెట్టుకునే వీల్లేదు. ఆడమనిషైతే అమ్మా అని పిలిచి, పోయి రా అని చెప్పి లోపలికి పంపాం. ఊరికే ఎవరినీ పంపలేదు."

వెంకటయ్య తల ఊపాడు. ఆ మాట దొరకడమే ఆయనకు గొప్పగా ఉంది.

అప్పుడే గేటు దగ్గర ఆటోలు వరసగా ఆగాయి. సదానందం వానలో పరుగెత్తుకొచ్చాడు. వెనక వినోద, చిన్నవ్వ, ఆ వెనక సగం గల్లీ. తెరిచి ఉన్న ప్లాస్టిక్, అందులో ఎర్ర అంచు చూసి అందరూ ఒక్కసారి ఆగిపోయారు.

"అవ్వేది బాపూ?" అన్నాడు సదానందం.

"అవ్వ లేదురా. బొంతనే."

ఒక్కసారైనా ముఖం చూడొచ్చని సదానందం దారి పొడుగునా దేవుళ్లకు మొక్కుతూ వచ్చాడు. ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. వంగి బొంత అంచు పట్టుకున్నాడు. జేబున్న ఆ చిన్న అంగీ తనదేనని తెలిసింది. దాని మీద తల పెట్టి ఏడవడం మొదలుపెట్టాడు. నెల కిందట గోడకేసి తిరిగి దాచుకున్నదంతా ఇప్పుడు బయటికొచ్చింది. చిన్నవ్వ రాగం అందుకుంది. గంగవ్వ పుట్టుక నుంచి పెళ్లి దాకా, పెళ్లి నుంచి సూరత్ దాకా వరసపెట్టి చెప్పి ఏడ్చింది. ఆ రోజు తలుపులు వేసుకున్నవాళ్లంతా ఈ రోజు దూరం దూరంగా నిలబడి ఏడ్చారు. పక్క మూట తాలూకు గుజరాతీ పెద్దమనిషి వచ్చి, వయసెంతని అడిగి, చీరల వైపు చూసి, ఇక ఏమీ అడగకుండా దండం పెట్టి వెళ్లాడు. మిషన్ దగ్గరి మనిషి ఎవరినీ తొందరపెట్టలేదు.

ఏడుపు సద్దుమణిగాక, చేసిన పొరపాటుకు దిద్దుబాటుగా లాండ్రీకి తానే దింపుతానన్నాడు యాకూబ్‌భాయ్. శవాల వ్యాన్ వచ్చి గుమ్మంలో ఆగగానే లాండ్రీవాళ్లు వెనక తలుపు గుండా బయటపడ్డారు. ముత్యం ఒక్కడు మాత్రం ఇస్త్రీ బల్ల కింద దొరికాడు. అక్కనూ మామనూ చూసి బయటికొచ్చి, జరిగింది విని, మిషన్‌లోని పీచు జాలి దులిపి, కుట్లన్నీ తడిమి చూసి, బొంతను ఒక్కదాన్నే వేసి తక్కువ వేడి పెట్టాడు.

గాజు తలుపు ముందు వెంకటయ్య కూర్చున్నాడు. వినోద కొంచెం ఎడంగా కూర్చుంది. డ్రమ్ములో ఎర్ర చీర పైకి లేచి పడుతోంది, దాని వెనక పచ్చ చీర.

"నేను ఉతకకుండ ఉండాల్సింది మామా" అంది వినోద. "అత్త వాసన మొత్తం పాయె."

వెంకటయ్యకు ఈ మాట సరిగ్గానే వినిపించింది.

"ఉతికితె పొయ్యే మనిషా బిడ్డా మీ అత్త" అన్నాడు. వినోద ముఖం తుడుచుకుంది.

సగంలో ముత్యం బొంతను తీసి, ఇద్దరితో అంచులు పట్టించి దులిపి, తిప్పి మళ్లీ వేశాడు. చివరికి వెచ్చగా, మెత్తగా, పొంగి బయటికొచ్చింది. ముడుచుకోలేదు, ముక్కవాసన లేదు. తుఫాను ఊళ్లో బొంతకు అంతకన్నా మంచి ఎండ దొరకదు. వెంకటయ్య దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని నవాగామ్ దాకా వచ్చాడు. ఆ రోజు మొదటిసారి ఆకలేస్తోందన్నాడు.

గుమ్మం దగ్గర చిన్నవ్వ నిలబడి ఉంది. అప్పటికే తలస్నానం చేసి, తడి వెంట్రుకలు ముడేసుకుంది. పక్కన నిండా నీళ్లతో బకెట్ ఉంది. శ్మశానానికి వెళ్లొచ్చినవాళ్లంతా తలమీద పోసుకున్నాకే గడప దాటాలంది. వెంకటయ్య బొంతను కోడలికి అందించబోయాడు. చిన్నవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"గది పోలేదా శ్మశానానికి? మనకంటె ముందే పాయె" అంది.

వెంకటయ్య కొడుకువైపు చూశాడు. కొడుకు వినోదవైపు చూశాడు. గల్లీలో పెద్దలంతా ఆలోచించారు. చిన్నవ్వ మాటలో ఎవరికీ తప్పు కనిపించలేదు. వెంకటయ్య బొంతను మెల్లగా గడప ముందు పరిచి పక్కకు జరిగాడు. చిన్నవ్వ గంగవ్వ పేరు తలుచుకుని బకెట్ ఎత్తి, ఒక్క చుక్క మిగల్చకుండా పోసింది.

బొంత మళ్లీ తీగ మీదికెక్కింది. ఈసారి మిషన్ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.