పానకాలు గారి మూడో సమీక్ష

చీరాలలో పేరుమోసిన పుస్తక సమీక్షకుడు పానకాలు ఇంతవరకూ ఒక్క పుస్తకం కూడా పూర్తిగా చదవలేదన్న సంగతి ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి అతని భార్య సాయిలక్ష్మి. ఆవిడ దాన్ని గుట్టుగా ఉంచింది పతిభక్తితో కాదు, సిగ్గుతో.

జిన్నింగు మిల్లులో గుమాస్తా పని మానేసి వచ్చిన రోజున పానకాలు గుమ్మంలోనే ప్రకటించాడు. "ఇవాళ్టి నుంచీ నేను ఫ్రీలాన్స్ రైటర్ని."

"అంటే ఏం చేస్తారు?"

"ఒకరి కింద పనిచెయ్యను."

"మిల్లులో మాత్రం చేశారా ఏంటి?" అంది సాయిలక్ష్మి, చీర మడత విప్పకుండానే. ముందుగదిలో ఆవిడ చేసే నేత చీరల వ్యాపారమే ఆ ఇంటికి ఆధారం. రైటర్ గారు అదే గదిలో ఓ మూల బల్ల వేసుకుని, వచ్చిన ఖాతాదార్లందరికీ అడ్డంగా కూర్చునేవాడు.

అతని పని పద్ధతి చాలా సులువు. పుస్తకం పోస్టులో రాగానే ముందుమాట చదువుతాడు. వెనక అట్ట చదువుతాడు. తర్వాత కళ్లు మూసుకుని మధ్యలో ఒక పేజీ తెరిచి, వేలు పడ్డచోట ఉన్న వాక్యాన్ని సమీక్షలోకి ఎత్తుతాడు. కళ్లు మూసుకోవడం నిష్పక్షపాతం కోసమట!

ఈ నిష్పక్షపాతం ఒక దినపత్రిక ఆదివారం అనుబంధం చూసే గోపాలకృష్ణ గారికి నచ్చింది. "మూడు సమీక్షలు రాయండి. మూడూ బావుంటే ప్రతి ఆదివారం మీ ఫొటోతో కాలమ్ ఇస్తాను," అన్నాడాయన. రెండు గట్టెక్కాయి. మూడోది రాయకముందే పానకాలు స్టూడియోకి వెళ్లి, గడ్డం కింద పిడికిలి పెట్టుకుని ఫొటో దిగి, వీధంతా చూపించి వచ్చాడు. ఇప్పుడా కాలమ్ రాకపోతే తలెత్తుకు తిరిగే దారి లేదు.

మూడో పుస్తకం 'పగిలిన పత్తికాయ'. నాలుగొందల పదహారు పేజీల నవల. అద్దంకిలో పత్తి వ్యాపారుల దగ్గర ముప్ఫై ఏళ్లు కాటా గుమాస్తాగా చేసి రిటైరైన ఆదాం అనే ఆయన తొమ్మిదేళ్లు కూర్చుని రాసి, తనే అచ్చు వేసుకున్నాడు.

పానకాలు కళ్లు మూసుకుని తెరిచాడు. రెండొందలో పేజీ వచ్చింది. 'పండుమిరపకాయలు తుడిచి, తొడిమలు తీసి, రోట్లో వేసి తొక్కవలెను' అని ఉంది. పానకాలు ఒళ్లు పులకరించింది. అరగంటలో సమీక్ష పూర్తిచేసి భార్యకి చదివి వినిపించాడు.

"'వ్యవస్థ అనే రోట్లో రైతుస్త్రీ బతుకును తొక్కిన తీరు ఇందులో కనిపిస్తుంది. జాడీ అంటే కుటుంబం. దాని మూతికి కట్టిన వాసెన గుడ్డ సంప్రదాయం. మూడో రోజు మూత తీసి చూడగా ఊట పైకి తేలి ఉండును అన్న ఒక్క వాక్యంలో రచయిత యుగాల కన్నీటిని కుదించారు.' ఎట్లా ఉంది?"

సాయిలక్ష్మి చేతిలోని చీర పక్కన పెట్టింది. మధ్యాహ్నాలు బేరాల్లేనప్పుడు ఆవిడ ఆ నవల మొదటి పేజీ నుంచి చదువుతోంది.

"ఏవండీ, అది కొరివికారం."

"చూశావా! నీకు మిరపకాయ కనిపించింది, నాకు ఎరుపు కనిపించింది. అదే మనిద్దరికీ తేడా."

"తేడా మనిద్దరిలో కాదు, పుస్తకంలోనే. నూట తొంభై మూడు నుంచి రెండొందల ఎనిమిది దాకా వంటల పుస్తకంలా ఉంది. ఓసారి చూడండి."

"సాహిత్యాన్ని వంటింట్లోకి ఈడవకే, లక్ష్మీ!" అంటూ అప్పటికప్పుడు సమీక్ష పంపించేశాడు.

ఆదివారం అచ్చయింది. పానకాలు పది కాపీలు కొని, ముందుగదిలో చీరల మీద పరిచాడు. కాఫీ తాగుతుండగా గుమ్మంలో ఒక బక్కపల్చటి పెద్దాయన నిలబడ్డాడు. చేతిలో పత్రిక ఉంది, చంకలో పుస్తకం ఉంది.

"నేను ఆదాం నండీ. అద్దంకి నుంచి."

"రండి రండి! కృతజ్ఞతలు చెప్పడానికి ఇంత దూరం రావాలా? ఫోన్ చేస్తే సరిపోయేదిగా," అన్నాడు పానకాలు ఉదారంగా.

"మీకోసం రాలేదండీ. సాయిలక్ష్మమ్మ గారంటే..."

పానకాలు నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది. సాయిలక్ష్మి గబగబా వచ్చి కుర్చీ వేసింది.

"నేనే ఫోన్ చేశానండీ," అంది మొగుడితో. "లోపలి పేజీలో 'ప్రతులకు' అని ఈయన నంబరుంది. కథలో కోటేశ్వరమ్మ కాటా రాళ్లు కొంగున మూటగట్టుకుని కలెక్టరాఫీసు మెట్లెక్కింది. నూట తొంభై రెండో పేజీ అయిపోయింది. తిప్పితే పండుమిరపకాయలు! మళ్లీ రెండొందల తొమ్మిదిలో చూస్తే ఆవిడ తలకి కట్టుంది. మధ్యలో ఏం జరిగిందో తెలీక నాకు అన్నం సయించలా."

"ప్రెస్సులో పదమూడో ఫారం మారిపోయిందమ్మా," అన్నాడు ఆదాం. "అదే ప్రెస్సులో పచ్చళ్ల పుస్తకం కూడా అచ్చవుతోంది. ఆ పదహారు పేజీలూ ఇందులో కుట్టేశారు. ఇట్లాంటి కాపీలు నలభై దాకా బయటికి పోయాయి. పెద్దపెద్దవాళ్లకి పంపాను. అడిగింది మీరొక్కరే." చంకలోని మంచి కాపీ తీసి రెండు చేతులా ఆవిడకిచ్చాడు.

పానకాలు సర్దుకున్నాడు. "నిజానికి ఆ ప్రమాదం కూడా ఒక శిల్పమే..."

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. గోపాలకృష్ణ గారు. పానకాలు కంగారుగా ఎత్తబోయి పొరపాటున స్పీకరు నొక్కాడు.

"ఏవయ్యా! పొద్దున్నుంచీ ఆడవాళ్లు ఫోన్లు చేసి చంపుతున్నారు. యుగాల కన్నీట్లో మెంతిపిండి ఎప్పుడు వెయ్యాలని అడుగుతున్నారు! అసలా పుస్తకం చదివావా?"

పానకాలు భార్య వైపు చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో అంత దీనంగా ఎప్పుడూ చూడలేదు. ఆవిడకి జాలి వేసింది కానీ, అంత ఎక్కువగా కాదు.

"నేను చదివానండీ," అంది ఫోన్ దగ్గరికి వంగి. "తూకంలో మోసం ఉందని ఒకావిడ చెబుతూనే ఉంటుంది, ఎవరూ నమ్మరు. నేనూ సగం పుస్తకం దాకా నమ్మలా. నమ్మనందుకు తర్వాత సిగ్గుపడ్డాను. నవలంటే అదేనండీ."

అవతల గోపాలకృష్ణ గారు కుర్చీ ముందుకు లాక్కున్న చప్పుడైంది.

"అమ్మా, ఈ మాటలే రాసి పంపండి. కాలమ్ మీదే. ఫొటో ఉందా?"

"ఇంట్లో ఒకటుంది గానీ, అది నాది కాదండీ," అంది సాయిలక్ష్మి.

ఫోన్ పెట్టేశాక పానకాలు చాలాసేపు పంచె అంచు సవరించుకున్నాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే మంచి కాపీ అందుకుని, నూట తొంభై మూడో పేజీ తీశాడు. పదహారు పేజీలు వరసగా చదివాడు. బతుకులో అదే మొదలు. చదివేసరికి కళ్లు నిజంగానే చెమర్చాయి.

"ఎంత కష్టం పెట్టారండీ!" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "పాపం, ఇంతకీ ఈ కోటేశ్వరమ్మ ఎవరు?"

ఆదాం కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"నా నవల్లో నాయికండీ," అన్నాడు మెల్లగా. "ఇవాళ్టి పేపర్లో మీరు జాడీలో కుక్కి వాసెన కట్టింది ఆవిడనే."