చుంచు పన్నూ కంప్యూటరు మాటా

మా ఆవిడ మాట కన్నా కంప్యూటరు మాటకే విలువెక్కువ. ఇది తేలిపోయిన విషయం.

పైగా అది లోకానికి మహోపకారమంటాను! ఎలాగో వినండి.

మాది గుహల మట్టి కడిగే ఉద్యోగం. వేల ఏళ్ల కిందట గుడ్లగూబలు చిన్న జంతువుల్ని మింగి, అరగని ఎముకల్ని గుహల్లో కక్కిపోయాయి. ఆ మట్టిని నేను జల్లెడలో కడిగేవాణ్ణి. మా ఆవిడ తడి కుంచె మొనతో ఆవగింజంత పళ్లను ఏరి, ఏది ఏ జంతువుదో చీటీ రాసి డబ్బాలో పెట్టేది. ఇరవై రెండేళ్లు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఫొటో చూపిస్తే చాలు, కంప్యూటరే పేరు చెప్పేస్తుంది.

ఎంత సుఖం! కంప్యూటరు తుమ్మదు. ఒకసారి మా ప్రొఫెసరుగారు తుమ్మితే ముప్పై వేల ఏళ్ల చరిత్ర బల్ల కిందికి ఎగిరిపోయింది. ముగ్గురం రెండు రోజులు నేల మీద పాకాం. కంప్యూటరుకి మోకాళ్లున్నాయా, నొప్పి పుట్టడానికి?

దానికి సందేహమనే జబ్బు కూడా లేదు. మొన్న ట్రేలో రాలిన ప్రొఫెసరుగారి గోరుముక్కను చూసి గబ్బిలం కోరపన్ను అంది. తొంభై ఒక్క శాతం ఖాయమట! ఆయన దాన్ని దూదిలో చుట్టి దాచారు. అది మీ గోరేనని నేను చెప్పలేదు. సైన్సుకి అడ్డుపడే మనిషిని కాను.

పదకొండేళ్ల కిందట ఒక దవడముక్క దొరికింది. ప్రొఫెసరుగారు ఎలుకన్నారు. మా ఆవిడ భూతద్దం దించలేదు.

"ఎలుక కాదు సార్, చుంచు. పురుగులు తినే వేరే జాతి. పన్ను కొసన ఎరుపు చూడండి."

"అది మట్టి మరకమ్మా!"

"మూడుసార్లు కడిగాను సార్. మరకకి అంత పంతం ఉండదు."

ఆయన నవ్వి, ఎలుకనే రాయించారు. ఆవిడ చీటీ వెనక పెన్సిలుతో చుంచు అని చిన్నగా రాసుకుంది.

పోయిన వారం అదే దవడను కంప్యూటరు చుంచు అంది. ఆ గుహలో చుంచు దొరకడం అదే మొదలు. కేకు కోశారు! మొదటి ముక్క కంప్యూటరు ముందు పెట్టారు! నేను చీటీ తిప్పి చూపించాను.

"గుడ్డిగా తగిలింది లెండి పెద్దాయనా" అన్నారు ప్రొఫెసరుగారు.

"అచ్చేసే వ్యాసంలో ఆవిడ పేరు వేయండి."

"తదితరులు అని వేశాంగా. అందులో ఉన్నట్టే."

ఇంతకీ ఆ కంప్యూటరుకి చదువు చెప్పిందెవరు? నలభై వేల పళ్లు, చీటీలతో సహా చూపించి నేర్పారు. ఆ చేతిరాత తదితరులదే.

ప్రొఫెసరుగారిని క్షమించను. కానీ ఎలుకని రాయించిన ఆ రోజు గదిలో ఆయనతో పాటు ఇంకొకడు కూడా నవ్వాడు. "సారుకి తెలీదా? నోర్మూసుకుని చెప్పింది రాయవే" అన్నాడు. వాడి చేతిలో జల్లెడ ఉంది.

ఈ సంగతి ఇక జన్మలో ఎత్తను. మీరూ అడగొద్దు.