మయోగ్లోబిన్‌కు అదనపు బాధ్యతలు

జహీరాబాద్ పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఇక్కడి ఒక పరిశోధన సంస్థలో మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌కు అదనపు బాధ్యతలు అప్పగించడమైనది. ఇంతకాలం అది కండరాల్లో కూర్చుని ఆక్సిజన్‌ను పట్టుకోవడం, అవసరమైనప్పుడు వదలడం తప్ప మరో పని ఎరగదు. ఇకపై ఎంజైమ్‌గా కూడా పనిచేసి, బట్టలకు అద్దకం వేసిన నీళ్లలోని రంగును విరగ్గొట్టవలసి ఉంటుంది.

ఈ వార్త విని సంస్థలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అక్కడ ఎవరి పని వారు చేసుకునే దురాచారం ఎన్నడూ లేదు. డైరెక్టర్ రాజేశ్వర్ గారు అసలు వ్యాయామ ఉపాధ్యాయులు. ఇన్‌ఛార్జిగా వచ్చి జుట్టు నెరిసేదాకా ఆ కుర్చీలోనే ఉండిపోయారు. సమావేశం ముగిసిందనడానికి ఇప్పటికీ ఈల వేస్తారు. లైబ్రేరియన్ క్యాంటీన్‌కు ఇన్‌ఛార్జి. వంటమనిషి నారమ్మ పూలమొక్కలకు ఇన్‌ఛార్జి కాబట్టి, మధ్యాహ్నం అన్నం ఎవరు వండుతున్నారో దేవుడికే తెలియాలి. జీవరసాయనంలో డాక్టరేట్ చేసిన షగుఫ్తా తన ప్రయోగశాలతోపాటు బోరు మోటారుకూ, ఆవరణలో తిరిగే కోతులకూ ఇన్‌ఛార్జి.

అందుకే ఆమె తన పరిశోధన వివరించగానే రాజేశ్వర్ గారి ముఖం వెలిగిపోయింది.

"అంటే దానికి ఇన్‌ఛార్జి ఇస్తున్నరు, గంతే గద మేడమ్? నాకు సమజైంది," అన్నారు. పాపం, ఆయనకు సైన్సు అర్థం కావడం అదే మొదటిసారి.

షగుఫ్తా తొందర వేరు. తండ్రి పోయాక ఆమెను పెంచి చదివించినవాడు మేనమామ జబ్బార్, ఆమె పిలుపులో మామూ. ఊరి చివర ఆయనకు అద్దకం షెడ్డు ఉంది. చీరలకూ, దుపట్టాలకూ రంగులు వేసి వేసి ఆయన అరచేతులు ఎర్రగా స్థిరపడిపోయాయి. షెడ్డులోంచి వచ్చే ఎర్రనీళ్లు కాలవలో కలుస్తున్నాయని కింది బస్తీవాళ్లు మొరపెట్టుకున్నారు. అది అబద్ధమూ కాదు. నెలాఖరులోగా నీళ్లు శుభ్రం చేస్తారా, షెడ్డు మూస్తారా అని అధికారులు అడిగారు. మూస్తే మామూ, ఆయన దగ్గర పనిచేసే ఆడవాళ్లు రోడ్డున పడతారు. షగుఫ్తాకు రాత్రింబవళ్లు అదే ధ్యాస.

ఆ ప్రోటీన్ లోపల ఇనుము ఉన్న చిన్న గది ఒకటి ఉంటుంది. ఆక్సిజన్ వచ్చి కూర్చునేది అక్కడే. ఆ గది గోడలో ఒక అమైనో ఆమ్లాన్ని తీసి మరొకటి పెడితే, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడుగా ఇస్తే, అదే ఇనుము రంగును తుంచేస్తుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి, ఆ గడువు పడకముందు నుంచే, ఏళ్లు పట్టింది. మార్చిన ప్రోటీన్లలో చాలా మటుకు, మర్యాద తక్కువైన వియ్యపురాలిలా మూతి ముడుచుకుని గొట్టం అడుగున ముద్దగా కూర్చున్నాయి. చివరికి ఒకటి మాట విన్నది.

సైన్సు ముగిసింది కనుక పరిపాలన మొదలైంది. ఈ ప్రోటీన్ తయారీ సూత్రమైన జన్యువు గుర్రానిదనీ, పెంచింది బ్యాక్టీరియాలోననీ తెలిసి, ఇది శాకాహారమా మాంసాహారమా తేల్చడానికి కమిటీ కూర్చుంది. గుర్రం గడ్డి తింటుందన్న గట్టి ఆధారం మీద సీసాకు పచ్చచుక్క అంటించారు. ఆపై ఆక్సిజన్ వ్యవహారం దవాఖాన పరిధిలోది కాబట్టి వారి నిరభ్యంతర పత్రం కావాలన్నారు. అటువంటి పేరుగల సిలిండర్ ఏదీ తమ వద్ద లేదు కనుక అభ్యంతరమూ లేదని దవాఖానవారు రాసిచ్చారు.

ప్రదర్శన రోజు షామియానా వేశారు. జబ్బార్ షెడ్డు నుంచి డ్రమ్ముల్లో ఎర్రనీళ్లు వచ్చాయి. ముఖ్య అతిథి సమక్షంలో రాజేశ్వర్ గారు ఉపన్యసించారు. "తన డ్యూటీ కాకపోయినా ఒక ప్రోటీన్ కష్టపడుతున్నది. దాన్ని చూసి మన స్టాఫ్ జర సిగ్గు తెచ్చుకోవాలె!"

షగుఫ్తా డ్రమ్ములో ప్రోటీన్ పోసింది. ఎరుపు గులాబీ అయింది, గులాబీ నీరయింది. జబ్బార్ చేయి ముంచి, నీళ్ల అడుగున తన అరచేతిని తానే చూసుకున్నాడు. కళ్లు నిండాయి. షగుఫ్తాకు జన్మ ధన్యమైనట్టనిపించింది.

చిక్కేమిటంటే, ఆ సమయంలో కెమెరాలన్నీ ముఖ్య అతిథికి కప్పుతున్న శాలువా మీద ఉన్నాయి. ముఖ్య అతిథి చిన్నబుచ్చుకున్నారు. "ఉత్త నీళ్ల పక్కన నిలబడి ఏం ఫొటో దిగుత?" అన్నారు. న్యాయమే. ఆయన కోసం మరో ఎర్ర డ్రమ్ము పెట్టారు. ఒకరికి పెట్టి మరొకరికి పెట్టకపోతే బాగుండదు కనుక వేదిక మీది పెద్దలందరికీ హోదా ప్రకారం తలా ఒక డ్రమ్ము తెల్లబరిచారు. మామూ షెడ్డు తొట్టి కోసం దాచిన ప్రోటీన్ అంతా సాయంత్రానికల్లా ఫొటోల్లోకి ఇంకిపోయింది. షగుఫ్తా అడ్డుపడబోతే ఈల మోగింది.

మళ్లీ చేస్తాను, ఫికర్ పెట్టుకోకు అని ఆమె మామూకు ధైర్యం చెప్పింది. తెల్లారేసరికి ఉత్తర్వు వచ్చింది. దవాఖానలో ఆక్సిజన్ సిలిండర్లు చూసే ఉద్యోగి రిటైరయ్యాడట. ఈ చుట్టుపక్కల ఆక్సిజన్ మీద ఇంత కృషి చేసినవారు మరొకరు లేనందున షగుఫ్తా తక్షణం అక్కడ చేరవలెను.

ఆమె డైరెక్టర్ గదికి పరుగెత్తింది. "సార్, నాకు సిలిండర్ వాల్వ్ తిప్పుడు గూడ రాదు."

"మీ ప్రోటీన్‌కు మాత్రం ముందుగాల ఎంజైమ్ పని వచ్చునా? నేర్పితే నేర్చుకోలే? మీరు గింత చదివిన్రు."

"దానికి ముందు లోపల జాగ చేసినం సార్. తర్వాతనే పని ఇచ్చినం."

రాజేశ్వర్ గారు నిజంగానే ఆలోచించారు. ఆయన చెడ్డవారు కాదు. "సరే, దవాఖానల మీకు గూడ ఒక కుర్చీ వేయిస్త," అన్నారు.

నెలాఖరున అద్దకం షెడ్డుకు సీలు పడింది. మర్నాటి నుంచి కాలవలో నీళ్లు తేటగా పారాయి. పట్టణ కాలుష్యాన్ని ప్రోటీన్ ద్వారా సంపూర్ణంగా నిర్మూలించినందుకు సంస్థకు అవార్డు వచ్చింది. ఖాళీగా ఉన్న ప్రయోగశాలకు, రంగుల్లో అపార అనుభవం దృష్ట్యా, జబ్బార్‌ను ఇన్‌ఛార్జిగా వేశారు. ఆయన రోజూ వచ్చి తాళం తీసి, పచ్చచుక్క ఉన్న ఖాళీ సీసాను తుడిచి, ఎర్రటి చేతులు ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంటాడు. షగుఫ్తా ఇప్పుడు వాల్వ్ బాగానే తిప్పుతోందని దవాఖానలో మంచి పేరు.

నవ్వొచ్చిందా? నవ్వండి, తప్పులేదు. నవ్వాక ఒక్కసారి మీరు చదివిన చదువేమిటో, కూర్చున్న కుర్చీ ఏదో చూసుకోండి. ఆ కుర్చీలో ఉండాల్సిన మనిషి ఈపాటికి ఎక్కడో ఒక వాల్వ్ తిప్పడం నేర్చుకుంటూ ఉంటుంది.