రైలు గేటు చేసే వైద్యం

మనశ్శాంతి కోసం కొండల మీది ఆశ్రమాలకు పరుగెత్తేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఎందుకండీ ఆ దండగ? మా ఊరి రైలు గేటు ముందు నిలబడండి చాలు! ప్రవేశం ఉచితం. బయటపడటమే మన చేతుల్లో ఉండదు.

నమ్మరా? అయితే మా ప్రేమదాసు సంగతి వినండి.

ప్రేమదాసు మిరప వేసిన కౌలురైతు. కాయలు కోయించి పొలం పక్క కల్లంలో ఎండబోశాడు. వాన వస్తుందని టీవీలో చెబితే టార్పాలిన్లు కొనడానికి వినుకొండ వెళ్ళి, పనిలో పనిగా బీపీ చూపించుకున్నాడు. డాక్టరుగారు మందులు రాసి, "టెన్షన్ పెట్టుకోకండి. కాస్త నెమ్మదించండి. చుట్టూ ఉన్న చిన్న చిన్న ఆనందాలు గమనించండి" అన్నారు. గమనిద్దామనే అనుకున్నాడు పాపం. తీరిక ఎక్కడిది?

తీరిక గేటు ఇచ్చింది! టార్పాలిన్ల మూట బండి వెనక కట్టుకుని ఆదరాబాదరాగా వస్తుంటే సరిగ్గా ముక్కు ముందే దిగింది. ఇంజను ఆపాడు. ఎన్నాళ్ళకో పిట్ట కూత చెవిన పడింది. వేపపూత వాసన తగిలింది. మామిడి ముక్కలమ్మే సిద్దికా ఉప్పూకారం అద్ది చేతిలో పెడితే లొట్టలేసుకుంటూ తిన్నాడు. ఈలోగా గూడ్సుబండి వచ్చి గేటుకు అడ్డంగా ఆగిపోయింది. ఏ ఆశ్రమంలో ఉందండీ ఇంతటి నిశ్చలత్వం?

అప్పుడు తలెత్తి ఆకాశం చూశాడు. నల్లటి మబ్బు కల్లం వైపే పోతోంది.

వెంటనే భార్య రెబ్కాకు ఫోన్ చేశాడు. "ఇదిగో, గేటు పడింది. కాయలు కుప్ప చెయ్యి!"

"చేశాలే. కప్పడానికేముంది ఇక్కడ, నా చీరలు తప్ప?"

"అయ్యే కప్పు. వచ్చేస్తన్నా!"

వచ్చేస్తన్నా! మా గేటు దగ్గర ఈ అబద్ధం ఆడని మనిషి లేడు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. గేటు పడితే ఎడమపక్కన వరసగా నిలబడటం మాకు నామోషీ. ఇటువాళ్ళం ఇటు రోడ్డంతా, అటువాళ్ళు అటు రోడ్డంతా నింపేస్తాం. ప్రేమదాసు మాత్రం తక్కువ తిన్నాడా? సందుల్లోంచి బండి దూర్చి, కుడిపక్కన అందరికన్నా ముందు నిలబడ్డాడు. ప్రపంచాన్ని గెలిచినంత సంబరం!

ఎట్టకేలకు గూడ్సు కదిలింది, గేటు లేచింది. రెండువైపుల జనం ముందుకు ఉరికి, పట్టాల మీద ఎదురుబొదురుగా ఇరుక్కున్నారు. ప్రేమదాసు బండి ముందు ఒక ఆటో. వెనక్కి తీద్దామంటే ఎవరికీ చోటు లేదు.

"ఏరా, కళ్ళు కనపడట్లా? తియ్యరా ఆటో!" అని గొంతు చించుకున్నాడు.

ఆటోలోంచి రెబ్కా దిగింది.

"నువ్వేందే ఇక్కడ?"

"నువ్వు ఇప్పట్లో రావని తెలిసేగా వచ్చింది! గేటు కింద నుంచి దూరి, మూట తీసుకుని ఇదే ఆటోలో పోదామనుకున్నా. ఆ గూడ్సు అడ్డం పడిందయ్యా."

"మరి కల్లం దగ్గర ఎవరున్నారు?"

"నా చీరలున్నాయి."

ప్రేమదాసు బండి వెనక కట్టిన మూట ఊడదీశాడు. మూట ఆమె చేతికి అందింది కానీ ఆటో కదిలితేగా! వెనక ట్రాక్టరు, దాని వెనక బస్సు, హారన్ల మోత. అంతలో వాన దంచింది. కల్లం వైపు ఇంకా గట్టిగా కురుస్తోందని చూస్తేనే తెలుస్తోంది. తడిసిన కాయ రంగుపోయి తాలుకాయ అవుతుంది. తాలుకాయను ఎవరు చూస్తారు?

"ఏడాది కష్టమయ్యా" అని రెబ్కా బావురుమంది. ప్రేమదాసు మూట విప్పాడు. కాయల కోసం కొన్న కొత్త టార్పాలిన్‌ను ఆమె మీద, ఆటోలో వచ్చిన కూలి ఆడవాళ్ళ మీద, తను తిట్టిన డ్రైవరు మీద కూడా కప్పాడు. చివరికి తనూ దూరాడు. అందరూ పొడిగానే ఉన్నారు. కాయలే తడిశాయి.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇక్కడ వంతెన కడతామని మాటిచ్చే పెద్దలకు ఒక మనవి. మా మనశ్శాంతి మీద మీకున్న శ్రద్ధకు దండాలు. ఇప్పటికే చాలా ప్రశాంతంగా ఉన్నాం, ఇక చాలు. ఎడమపక్కన నిలబడటం మేం నేర్చుకుంటాం. మీరు ఆ వంతెన కట్టి, మా టెన్షన్లు మాకిచ్చేయండి బాబూ!